ఒంటికి తగ్గ కుర్చీ

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే రోజున ఇంట్లోవాళ్ల చేతికి మందుల చీటీ ఇస్తూ ఒక మాట చెబుతారు: ‘‘ఒక వీల్‌చెయిర్ చూసుకోండి. కొన్నాళ్లే కదా, అద్దెకు తెచ్చుకున్నా చాలు.’’ కొడుకో అల్లుడో సర్జికల్ షాపు వెతుక్కుంటూ వెళతాడు. హైదరాబాద్‌లో అయితే కోఠి వైపు, మిగతా ఊళ్లలో పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న వీధికి. షాపతను అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని నెలలకు కావాలి, డిపాజిట్ ఇప్పుడే కడతారా. గోడవారగా మడతపెట్టి ఉన్నవాటిలోంచి ఒకటి బయటికి లాగి, దుమ్ము దులిపి ఇస్తాడు. ఆటో వెనక సీట్లో అది ఇంటికి చేరుతుంది.

ఈ బేరం మొత్తంలో కూర్చోబోయే మనిషి ప్రస్తావన ఎక్కడా రాలేదు. ఆయన ఎత్తెంత, తుంటి వెడల్పెంత, ఏ పక్కకు ఒరిగిపోతున్నాడు, రోజుకు ఎన్ని గంటలు అందులో ఉంటాడు, తనంతట తాను కాస్త జరిగి కూర్చోగలడా? చెప్పులు కొనేటప్పుడు కూడా షాపులో సైజు అడుగుతారు. రోజుకు ఎనిమిది గంటలు ఒంటికి ఆనుకుని ఉండే వస్తువుకు ఆ పాటి మర్యాద దక్కడం లేదు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా కష్టం మొదలవుతుంది. ఆయన కుర్చీలో కిందికి జారుతుంటాడు. అరగంటకోసారి ఇద్దరు చంకల కింద చేతులు వేసి పైకి లాగుతారు. మళ్లీ జారతాడు. నాలుగో రోజున ఎవరో ఒక సలహా ఇస్తారు, నడుం చుట్టూ తువ్వాలు వేసి కుర్చీకి కట్టేస్తారు. ‘‘నాన్నకు కూర్చోవడం చేతకావడం లేదు’’ అని చుట్టాలకు ఫోన్లో చెబుతారు. నిజానికి ఆయన్ని కూర్చోబెట్టడం ఆ కుర్చీకి చేతకావడం లేదు.

కూర్చోవడాన్ని విశ్రాంతి అనుకుంటాం. ఆరోగ్యవంతుడికి అది విశ్రాంతే, అదీ ఒంట్లో కండరాలు ఎడతెగకుండా పని చేస్తున్నాయి కాబట్టి. గట్టి నేల మీద కూర్చుని రెండు అరచేతులనూ పిరుదుల కిందికి పోనిస్తే గుండ్రటి ఎముకలు రెండు గుచ్చుకుంటాయి. కటి ఎముకకు అవే కింది కొనలు, అవే కూర్చునే ఎముకలు. వాటి మీద నిలబడ్డ దొంతరలా వెన్నెముక, పక్కటెముకలు, భుజాలు, అన్నిటికీ పైన నాలుగైదు కిలోల తల. అడుగున ఉన్న కటి నిటారుగా ఉంటే పైనున్నదంతా తిన్నగా నిలబడుతుంది. కటి వెనక్కి దొర్లితే వెన్ను విల్లులా వంగుతుంది, గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది, బరువు కూర్చునే ఎముకల మీద నుంచి ముడ్డిపూస మీదికి మారుతుంది. కటి ఒక పక్కకు ఒరిగితే నడుం ఆ పక్కకు, దాన్ని సరిచేసుకోవడానికి మెడ రెండో పక్కకు వంకర తిరుగుతాయి. అందుకే ఈ రంగంలో పనిచేసే ఫిజియోథెరపిస్టులు తల వాలిపోతోందని తీసుకొచ్చిన మనిషిలో కూడా మొట్టమొదట చూసేది కటినే.

మామూలు మనుషులకు ఇదేమీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాదు. సినిమా హాల్లో మూడు గంటలు కూర్చున్నవాడు ఎన్నోసార్లు ఇటు అటు కదులుతాడు, కాలు మీద కాలు వేస్తాడు, ముందుకు వంగుతాడు. ఒళ్లు చెబుతుంది, ఆయన వింటాడు. పక్షవాతంలో, వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు, పార్కిన్సన్స్ ముదిరినప్పుడు ఈ మాటామంతీ తెగిపోతుంది. కొందరికి ఆ చెప్పడం వినబడదు, స్పర్శ పోతుంది. కొందరికి వినబడినా జరగడానికి బలం ఉండదు. కండరాలు మానేసిన పనిని అప్పుడు కుర్చీ చేయాలి. పొజిషనింగ్ వీల్‌చెయిర్ అనేది ఇందుకోసం పుట్టింది. దాని మొదటి పని మనిషిని ఒకచోట నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడం కాదు, ఉన్నచోట సరిగ్గా నిలపడం.

మరి షాపులో దొరికే ఆ మడత కుర్చీ ఎందుకలా ఉంది? దానికో చరిత్ర ఉంది. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజనీరు 1918లో గని ప్రమాదంలో నడుం విరిగి నడక కోల్పోయాడు. అప్పటి చక్రాల కుర్చీలు బరువైన చెక్క సామాను, కారులో పట్టేవి కావు. ఆయన, మిత్రుడు హ్యారీ జెనింగ్స్ కలిసి 1933లో ఉక్కు గొట్టాలతో, సీటు కింద కత్తెరలా అడ్డంగా కలుసుకునే రెండు కడ్డీలతో మడిచే కుర్చీ తయారుచేశారు. చక్రాల మీద బతికే మనుషులకు అది ఊరూ వీధీ చూపించింది. నేటికీ ప్రపంచమంతటా ఆస్పత్రి వరండాల్లో తిరుగుతున్నది ఆ కుర్చీ వారసులే.

మడవాలంటే సీటు చెక్కతో ఉండకూడదు, బట్టతోనో రెక్సిన్‌తోనో ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది. బట్ట సాగుతుంది. వదులైన నులక మంచంలో పడుకున్నవాళ్లకు తెలుసు, ఒళ్లు మధ్యలోకి జారి గుంటలో పడుతుంది. సాగిన సీటులో జరిగేదీ అదే. తొడలు లోపలికి దొర్లి మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, కటి ఒక పక్కకు దిగిపోతుంది, సాగిన వెన్ను బట్టలో వీపు గూనిగా మారుతుంది. చేతుల్లో, నడుములో బలమున్న ఎవరెస్ట్ లాంటి మనిషి దాన్ని సరిచేసుకోగలడు. ఎక్స్‌రే గదికి వెళ్లి వచ్చే పది నిమిషాల రోగికి ఏమీ కాదు. కదలలేని మనిషిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులో ఉంచడం మాత్రం ఆ కుర్చీ పుట్టుకలో లేని పని.

ఎనిమిది గంటలు అలా కూర్చుంటే ఏమవుతుంది? అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త యూజీన్ లాండిస్ 1930లో మనుషుల గోటి మొదట్లో ఉండే అతి సన్నటి రక్తనాళంలోకి సూది పోనిచ్చి లోపలి ఒత్తిడిని కొలిచాడు. రక్తం వచ్చి చేరే కొస దగ్గర అది సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం. బయటి నుంచి అంతకన్నా గట్టిగా చాలాసేపు నొక్కితే ఆ నాళం మూసుకుపోవచ్చని వైద్యులు లెక్క వేసుకున్నారు. వేలి దగ్గర తీసిన కొలత పిరుదులకు అచ్చంగా వర్తించదు, దాన్ని లక్ష్మణరేఖలా చూడకూడదు. కానీ గట్టి సీటు మీద కూర్చునే ఎముకల కింద ఒత్తిడి 100 దాటిపోతుందంటే ఆ చర్మం ఎంత ఇరుకున పడుతోందో తెలుస్తుంది. పరిశోధకుడు మైఖేల్ కోసియాక్ 1959లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపట్లో చేసే హానిని తక్కువ ఒత్తిడి ఎక్కువసేపట్లో చేస్తుంది. ఒత్తిడి, కాలం రెండూ కలిసి చంపుతాయి. ఇలా పుట్టే ఒత్తిడి పుండు చాలాసార్లు లోపల, ఎముకను ఆనుకున్న కండలో మొదలవుతుంది. పైకి రూపాయి బిళ్లంత మచ్చ కనిపించేసరికి లోపల గుప్పెడంత గుంట పడి ఉండవచ్చు.

ఇది డబ్బుతో తప్పించుకునే జబ్బు కాదు. సూపర్‌మ్యాన్ పాత్రతో లోకమంతా ఎరిగిన క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీద నుంచి పడి మెడ కింది భాగమంతా చచ్చుబడి చక్రాల కుర్చీకి చేరాడు. మంచి కుర్చీ, మంచి వైద్యులు, చూసుకునే మనుషులు, అన్నీ ఉన్నాయి. అయినా ఒత్తిడి పుండుకు సోకిన ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స పొందుతూ గుండె ఆగి 2004 అక్టోబరు 10న చనిపోయాడు. వయసు 52.

పుండ్లు విధిరాత కావని నిరూపించినవాడు లుడ్విగ్ గుట్‌మన్. నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరిన ఈ యూదు వైద్యుడికి 1944లో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల వార్డు అప్పగించారు. ఎలాగూ బతకరని అందరూ వదిలేసిన మనుషులు వాళ్లు. ఆయన పెట్టిన మొదటి నియమం, పగలూ రాత్రీ ప్రతి రెండు గంటలకూ రోగిని పక్కకు తిప్పాలి. సిబ్బంది సరిగా చేస్తున్నారా అని అర్ధరాత్రి తానే వచ్చి చూసేవాడు. పుండ్లు మానాయి. బతికి బట్టకట్టిన ఆ సైనికులతో ఆయన 1948లో ఆస్పత్రి పచ్చికలో విలువిద్య పోటీ పెట్టాడు. 16 మంది పాల్గొన్న ఆ పోటీయే పెరిగి పారాలింపిక్స్ అయింది.

మంచం మీద గుట్‌మన్ రెండు గంటలకోసారి చేయించిన పనిని కుర్చీలో ఎవరు చేయాలి? టిల్ట్ అనే ఏర్పాటుకు మూలం ఈ ప్రశ్నే.

తెలుగిళ్లలో వెనక్కి వాలే కుర్చీలు రెండు రకాలు. ఒకటి తాతగారి పడక కుర్చీ, నడుం దగ్గర కోణం తెరుచుకుంటుంది. రెండోది ఊగే కుర్చీ, కూర్చున్న భంగిమ చెక్కుచెదరకుండా మనిషి మొత్తంగా వెనక్కి వాలతాడు. చక్రాల కుర్చీల్లోనూ ఈ రెండు జాతులున్నాయి. పడక కుర్చీ తరహాను రిక్లైనింగ్ అంటారు, ఊగే కుర్చీ తరహాను టిల్ట్ ఇన్ స్పేస్ అంటారు. షాపులో ‘‘వెనక్కి వాలేది కావాలి’’ అని అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు మొదటిదే. అడిగేటప్పుడు టిల్ట్ అనే మాట వాడాలి. ఇచ్చాక సీటు కూడా వీపుతో పాటు కదులుతోందో లేదో కళ్లారా చూడాలి.

ఈ తేడా చిన్నదేం కాదు. పడక కుర్చీ వీపు తెరుచుకున్నప్పుడు దాని కీలు ఉన్నచోటు, మనిషి తుంటి కీలు ఉన్నచోటు ఒకటి కావు. అందుకే వీపు పలక చర్మాన్ని ఒకవైపు ఈడుస్తుంది, లోపలి ఎముక ఇంకోవైపు జారుతుంది. మధ్యలోని కండ, రక్తనాళాలు మెలిపడతాయి. ఈ ఈడ్పు నొక్కుడు కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు. మళ్లీ నిటారుగా లేపినప్పుడు మనిషి ముందుకు జారి ఉంటాడు. టిల్ట్‌లో తుంటి కోణం, మోకాలి కోణం మారవు కాబట్టి ఈడ్పు చాలావరకు తగ్గుతుంది, జారడమూ తగ్గుతుంది. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే వాళ్లలో కోణం మారినప్పుడల్లా బిగుతు ఎక్కువవుతుంది, వాళ్లకూ టిల్టే మేలు.

ఎంత వాల్చాలన్నది ఇంటర్మీడియట్ లెక్కే. వీపు పలక నిటారుగా, సీటు నేలకు సమాంతరంగా ఉంటే పైశరీరం బరువు నూటికి నూరు పాళ్లూ సీటుదే. మొత్తాన్ని 15 డిగ్రీలు వెనక్కి వాలిస్తే సీటును నొక్కే బలం 97 శాతం దగ్గరే ఉంటుంది. 30 డిగ్రీలకు అది 87కు తగ్గుతుంది, వీపు పలక మీద 50 శాతం పడుతుంది. 45 డిగ్రీల దగ్గర రెండింటికీ చెరో 71. కూడితే నూరు దాటుతోందేమని అనిపిస్తే, రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయని గుర్తుచేసుకోవాలి. ఆ బలాల వర్గాలను కూడితేనే లెక్క సరిపోతుంది. ఇంట్లోవాళ్లకు దీని అర్థం ఒక్కటే. కొంచెం వాల్చితే జారడం ఆగుతుంది గానీ పిరుదులకు పెద్దగా ఊరట దొరకదు. ఒత్తిడి తగ్గాలంటే 30 డిగ్రీలు దాటాలి, కొంతసేపు అక్కడే ఉంచాలి. ఎంతసేపు? కూర్చుని నలిగిన చర్మంలోకి ప్రాణవాయువు పూర్తిగా తిరిగి రావడానికి సగటున 1 నిమిషం 51 సెకన్లు పడుతుందని బ్రిటన్ పరిశోధకులు 2003లో ప్రచురించారు. అంతకుముందు నేర్పుతూ వచ్చిన పదిహేను ముప్ఫై సెకన్ల ఊరట చాలదని అప్పుడు తేలింది. వాల్చిన వెంటనే పైకి లేపేసి పని అయిపోయిందనుకునే ఇళ్లు ఈ అంకెను గోడ మీద రాసుకున్నా తప్పులేదు.

అయితే టిల్ట్ కుర్చీ అందరికీ వరం కాదు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామంది బాగున్న చేత్తో చక్రం తిప్పుతూ, బాగున్న కాలితో నేలను తోసుకుంటూ తామే కదలగలరు. వాళ్లకు కావలసింది పాదం నేలకు పూర్తిగా ఆనేటంత తక్కువ ఎత్తున్న మామూలు కుర్చీ, దాని మీద గట్టి పలక, మంచి కుషన్. వాళ్లను తీసుకొచ్చి 30 కిలోలకు పైగా తూగే టిల్ట్ కుర్చీలో కూర్చోబెడితే వెనక నుంచి ఎవరో ఒకరు తోయాల్సిందే. కోలుకుంటున్న మనిషి చేతిలో ఉన్న కాస్త స్వతంత్రాన్నీ ప్రేమకొద్దీ లాక్కోవడమే అవుతుంది. రాయవెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుం కింది భాగం చచ్చుబడినా చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. చిత్తూరు నుంచి, మిగతా రాయలసీమ నుంచి ఎందరో చికిత్సకు వెళ్లే ఆ ఊళ్లోనే 1966లో ఆమె చొరవతో పునరావాస కేంద్రం వెలిసింది. మనిషి చేయగలిగిన పనికి ఏ కుర్చీ తోడ్పడుతుందో అదే ఆ మనిషికి సరైన కుర్చీ.

తనంతట తాను జరగలేనివాళ్లు, తల నిలపలేనివాళ్లు, గంటలో రెండు మూడుసార్లు జారిపోయేవాళ్లు, ఇప్పటికే పుండు వచ్చి మానినవాళ్లు, సెరిబ్రల్ పాల్సీతో ఒళ్లు బిగుసుకుపోయే పిల్లలు, కండరాల జబ్బులు ముదిరినవాళ్లు, ఇదీ టిల్ట్ కుర్చీ అవసరమైనవాళ్ల వరుస.

ఇక కొలతలు. షాపుకు వెళ్లేముందు మనిషిని గట్టి బల్ల మీద కూర్చోబెట్టి దర్జీ టేపుతో నాలుగు కొలతలు తీస్తే సగం పొరపాట్లు ఇంట్లోనే ఆగిపోతాయి. తుంటి దగ్గర అత్యంత వెడల్పు సీటు వెడల్పుకు ఆధారం. అటూ ఇటూ కలిపి ఒక అంగుళానికి మించి ఖాళీ ఉండకూడదు. ‘‘కాస్త పెద్దదైతే సుఖంగా ఉంటుంది’’ అని పిల్లల చొక్కాలు కొన్నట్టు కుర్చీ తెచ్చుకోకూడదు. వెడల్పు కుర్చీలో మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు, చక్రం చేతికి అందదు, పడకగది తలుపులో కుర్చీ పట్టదు. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా తీసిన కొలతలోంచి రెండు మూడు వేళ్ల మందం తగ్గిస్తే సీటు లోతు వస్తుంది. అంతకన్నా లోతైన సీటు మోకాలి వెనక నొక్కుతుంది, ఆ నొప్పి తప్పించుకోవడానికి మనిషి ముందుకు జరిగి గూనిగా కూర్చుంటాడు. జారుడుకు అన్నిటికన్నా సాధారణమైన కారణం ఇదే, ఎవరూ అనుమానించనిదీ ఇదే. మోకాలి నుంచి మడమ దాకా కొలత కాళ్ల పలక ఎత్తు చెబుతుంది. పలక మరీ పైకి ఉంటే తొడలు లేచి బరువంతా కూర్చునే ఎముకల మీద పడుతుంది, మరీ కిందికి ఉంటే పాదాలు దాన్ని వెతుక్కుంటూ ఒంటిని కిందికి లాగుతాయి. నాలుగోది, సీటు నుంచి భుజం దాకా, తల నిలవనివాళ్లకైతే తల దాకా.

పక్షవాతంలో చచ్చుబడిన చేతిని ఒళ్లో పడేసి వదలకూడదు. ఆ చేతి బరువుకు భుజం కీలు కిందికి జారుతుంది. చేతిని ఆనించే వెడల్పాటి పలకనో, కుర్చీకి బిగించే ట్రేనో అడిగి తీసుకోవాలి. జారితే పైకి లాగడానికి ఆ చేయి పట్టుకోవడం అసలే కూడదు.

కుషన్ గురించి కాస్త ఎక్కువే మాట్లాడుకోవాలి. కుర్చీ అద్దెకు తెచ్చుకోవచ్చు గానీ, కుషన్ మాత్రం కొత్తది కొనుక్కోవడమే మంచిది. ఒకరి మూత్రం, చెమట పీల్చుకున్న స్పాంజి ఎంత కడిగినా శుభ్రపడదు. పైగా వాడిన స్పాంజి మధ్యలో అణిగి చచ్చిపోయి ఉంటుంది, చూడ్డానికి మాత్రం దిట్టంగా కనిపిస్తుంది. మన ఇళ్లలో మంచి మనసుతో చేసే తప్పు ఇంకొకటి ఉంది. పుండు వచ్చినచోటు తగలకుండా ఉంటుందని మధ్యలో రంధ్రమున్న గాలి రింగు వేస్తారు. రింగు అంచు చుట్టూ నొక్కి మధ్యలో ఉన్న చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. ఒత్తిడి పుండ్ల మీద అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు దాన్ని వాడవద్దనే చెబుతున్నాయి.

విడివిడి గాలి బుడగల కుషన్‌ను రూపొందించినవాడు రాబర్ట్ గ్రేబ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు. రోహో పేరుతో అది ప్రపంచమంతా తెలిసింది. రబ్బరు బుడగల నడుమ గాలి ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి పోతూ ఒళ్లు ఎలా ఉంటే అలా సర్దుకుంటుంది. దాన్ని కొన్నవాళ్లు చేసే పొరపాటు గాలి నిండా కొట్టడం. బాగా కొట్టిన సైకిల్ ట్యూబు మీద కూర్చున్నట్టు అవుతుంది. ఎముకకూ అడుగుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎడం ఉండేట్టు గాలి తీయాలి.

ఏ కుషనైనా సరే, పని చేస్తోందో లేదో తేల్చే పరీక్షకు యంత్రం అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తెచ్చిన వీల్‌చెయిర్ శిక్షణ పాఠాల్లో అది ఉంది. మనిషి కుషన్ మీద కూర్చున్నాక అరచేయి పైకి పెట్టి వేళ్లను కూర్చునే ఎముక కిందికి పోనివ్వాలి. వేలికొనలు 5 మిల్లీమీటర్ల మేరకైనా పైకీ కిందికీ ఆడితే కుషన్ సరైనదే. ఆడకపోయినా వేళ్లు సులువుగా బయటికి వస్తే జాగ్రత్త పడాలి. వేళ్లు నలిగి, లాగడమే కష్టమైతే ఆ కుషన్ పనికిరాదు. రెండు పక్కలా చూడాలి.

ఎండాకాలం ఇంకో లెక్క. రోహిణి కార్తెలో రెక్సిన్ మీద గంట కూర్చుంటే చొక్కా అతుక్కుపోతుంది. తడిసి మెత్తబడిన చర్మం చిన్న రాపిడికే లేచిపోతుంది. గాలి ఆడే, సాగే బట్ట తొడుగు వేయాలి, ఉతుక్కోవడానికి రెండోది ఉంచుకోవాలి. దాని మీద మందపాటి దుప్పటి మడతలు పరిస్తే కుషన్ గుణమంతా పోతుంది.

తువ్వాలు కట్టడం మానేయాలి. పొట్ట మీద కట్టిన గుడ్డ మనిషి జారినకొద్దీ పైకి వెళ్లి ఛాతీకి, ఒక్కోసారి గొంతుకు బిగుస్తుంది. కావలసింది కుర్చీకే అమర్చిన కటి బెల్టు. తొడలు, పొట్ట కలిసే మడతలో, సీటుకు 45 నుంచి 60 డిగ్రీల వాలుతో వెనక్కి కిందికి లాగేట్టు ఉండాలి. బెల్టు కటిని సీటు వెనక్కి నిలుపుతుంది. సీటు కొలత సరిగా ఉంటేనే అదైనా పని చేస్తుంది.

భోజనం వేళ కుర్చీని నిటారుగా తేవాలి. వెనక్కి వాల్చి జావ తాగించడం చూడ్డానికి సులువే గానీ, మింగుడు సరిగా లేని పక్షవాతం రోగికి ఆ జావ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. గడ్డం కొద్దిగా కిందికి, పాదాలు పలక మీద, తిన్నాక అరగంట అలాగే. ఆ తర్వాతే వాల్చాలి.

ఇంతకీ అద్దె మంచిదా, కొనుక్కోవడం మంచిదా? పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లో ఒళ్లు వారం వారం మారుతుంది. ఏప్రిల్లో తల నిలవని మనిషి జూన్‌కల్లా కాలితో నేలను తోయవచ్చు. ఏప్రిల్ మనిషికి కొన్న ఖరీదైన కుర్చీ జూన్ మనిషికి అడ్డం. తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు, సెలవులకు అమెరికా నుంచి వచ్చే బిడ్డ ఇంట్లో నెల రోజులు ఉండబోయే పెద్దావిడకు, చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు కూడా అద్దే న్యాయం. వెన్నుపాము తెగినవాళ్లకు, ఎదిగే పిల్లలకు దీర్ఘకాలానికి సొంత కుర్చీ కావాలి. అక్కడా కొనేముందు రెండు వారాలు అద్దెకు కూర్చుని చూడటం కన్నా మంచి పరీక్ష లేదు. మద్రాసు ఐఐటీ పరిశోధనల నుంచి పుట్టిన నియోమోషన్ సంస్థ ఒంటి కొలతలు తీసుకుని నియోఫ్లై కుర్చీని తయారుచేస్తోంది. తమంతట తాము కదిలేవాళ్లకు అదొక దారి.

అద్దెకు తెచ్చేటప్పుడు షాపులోనే చేయాల్సిన పనులున్నాయి. ఇద్దరు వెళ్లాలి, ఒకరు కుర్చీలో కూర్చోవాలి. బరువుతో ఉన్నప్పుడే టిల్ట్ లీవరు నొక్కి వాల్చి మధ్యలో వదిలేయాలి. అక్కడే నిలబడిందా, మెల్లగా కిందికి దిగిపోతోందా? దిగితే వాలును పట్టి నిలిపే లోపలి గ్యాస్ స్ట్రట్ అరిగిపోయినట్టు, ఆ కుర్చీ వద్దు. పూర్తిగా వాలినప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడకుండా ఆపే చిన్న చక్రాలు ఉండాలి. బ్రేకులు వేసి తోసి చూడాలి. తల పట్టీ, పక్క ఆసరాలు, కాళ్ల పలకలు, వాటి మరలు అన్నీ వచ్చాయా లెక్కపెట్టుకోవాలి. విడిభాగాలు లేని పొజిషనింగ్ కుర్చీ అంటే ఖరీదైన మామూలు కుర్చీ. కొలత కుదరకపోతే వారంలోపు మార్చి ఇస్తారా అన్నది అద్దె ఎంత అన్న ప్రశ్న కన్నా ముందు అడగాలి, రసీదు మీద రాయించుకోవాలి. టిల్ట్ కుర్చీలు అన్ని షాపుల్లో ఉండవు, కాబట్టి డిశ్చార్జికి వారం ముందే వెతకడం మొదలుపెట్టాలి.

ఇల్లు కూడా కొలవాలి. సీటు 18 అంగుళాలుంటే చక్రాలతో కలిపి కుర్చీ సుమారు 26 అంగుళాలు అవుతుంది. మన అపార్ట్‌మెంట్లలో స్నానాల గది తలుపులు చాలావాటికి అంత వెడల్పు ఉండదు. టిల్ట్ కుర్చీ వాల్చినప్పుడు ఇంకా పొడవవుతుంది, లిఫ్టులో నిటారుగా పెట్టాకే పడుతుంది. పసుపు కుంకుమ పెట్టిన గడప దగ్గర వాలుపలక కావాలి. ఒకటికి పన్నెండు లెక్క, అంటే గడప మూడు అంగుళాలైతే పలక మూడు అడుగులు.

ప్రపంచంలో సుమారు 8 కోట్ల మందికి చక్రాల కుర్చీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దేశాన్ని బట్టి అందులో 5 నుంచి 35 శాతం మందికే అది అందుతోంది. ఫ్రాన్స్‌లో 2025 డిసెంబరు 1 నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈ ఖర్చును పూర్తిగా భరించడం మొదలుపెట్టింది. మన దేశంలో వికలాంగులకు ఉపకరణాలు అందించడానికి 1981 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం, ఆ ఉపకరణాలు తయారుచేసే కాన్పూరులోని అలిమ్కో సంస్థ లక్షల మందికి కుర్చీలు చేర్చాయి, అది చిన్న పనేమీ కాదు. కానీ శిబిరంలో వరుసగా పేర్చిన ఒకే సైజు కుర్చీలు పంచే పద్ధతి మారాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఒక టేపు, ఒక శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు, అద్దెకిచ్చే నాలుగైదు టిల్ట్ కుర్చీలు ఉంటే ఆపగలిగే పుండ్లు ఎన్నో ఆగుతాయి. ఆ పుండ్లు మాన్పడానికి అదే ఆస్పత్రి పెట్టే ఖర్చు అంతకన్నా చాలా ఎక్కువ.

అప్పటిదాకా ఇంట్లోవాళ్లే ఆ పని చేయాలి. కుర్చీ తెచ్చిన మొదటి రోజు గంటకు మించి కూర్చోబెట్టకండి. దించాక పక్కకు తిప్పి పిరుదులు, ముడ్డిపూస, మడమలు చూడండి. ఎర్రటి మచ్చను వేలితో నొక్కి వదిలితే క్షణం పాలిపోయి మళ్లీ ఎరుపెక్కాలి. పాలిపోకపోతే అది పుండుకు మొదలు. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు, అందుకే చేత్తో తడమండి, ఆ చోటు చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది. అలా తగిలితే ఆ భాగం మీద బరువు పడకుండా పడుకోబెట్టి, డాక్టరుకు చూపించి, షాపుకు ఫోన్ చేసి కుర్చీ మార్చమనండి.